పాఠకుల ప్రశ్నలు: నీటిని తోడే పంపు ఎక్కడుంది?

గత సంచికలో మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టే తీరును వివరిస్తూ, వడగట్టిన నీరు మళ్ళీ రక్తంలోకి ఎలా చేరుతుందన్న సంగతిని ఒక్క వాక్యంలో దాటేశాను. ఆ వాక్యాన్నే పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. అవన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటిన్నర లీటరు మినహా మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయని పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, "అంత నీటిని తోడే పంపు ఎక్కడుంది టీచర్?" అని అడిగింది. గుండె పేరు చెప్పి దాటవేశాను. అది సరైన జవాబు కాదని నాకే అనిపిస్తోంది. – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఆ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు. సూటిగా చెప్పాలంటే, అలాంటి పంపు లేదు. సోడియాన్ని తోడే పంపులు మన కణాల పొరల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. కాల్షియానికీ ఉన్నాయి, ఆమ్లానికీ ఉన్నాయి. నీటి అణువును పట్టుకుని ఒక వైపు నుంచి మరో వైపుకు తోసే పంపు మాత్రం లేదు. నీరు ఎప్పుడూ తనంతట తానే, లవణాలూ ఇతర పదార్థాలూ ఎక్కువగా కరిగి ఉన్న వైపుకు పోతుంది. మీరు పాఠంలో ద్రవాభిసరణం అని చెప్పేది దీన్నే. కాబట్టి నీటిని వెనక్కి తెచ్చుకోవాలంటే శరీరానికి ఒక్కటే దారి ఉంది: నీరు ఎటు పోవాలో అటువైపు ఉప్పును కూడబెట్టి, మధ్యలో తలుపు తీయాలి. గుండె చేసేది రక్తాన్ని ఒత్తిడితో వడపోత దాకా నెట్టడం వరకే. ఆ తరువాత నీరు వెనక్కి రావడమంతా ఉప్పును తోడడం మీదా, తలుపు తీయడం మీదా ఆధారపడి ఉంటుంది.

ఆ 180 లీటర్లలో సుమారు మూడింట రెండు వంతులు, వడగట్టిన ద్రవం సాగిపోయే సన్నని గొట్టమైన నాళిక మొదటి భాగంలోనే, అంటే సమీపస్థ సంవళిత నాళికలోనే, వెనక్కి వెళ్ళిపోతాయి. అక్కడి కణాలు సోడియాన్నీ గ్లూకోజునూ అమైనో ఆమ్లాలనూ లోపలికి తీసుకుంటాయి, వాటి వెంటే సరిసమానంగా నీరూ పోతుంది. దీనివల్ల ద్రవం పరిమాణం తగ్గుతుందే తప్ప గాఢత మారదు. నాళికలో మిగిలిన ద్రవం రక్తమంత గాఢతతోనే, అంటే కిలో నీటికి సుమారు 300 మిల్లీఆస్మోల్స్‌తోనే ఉంటుంది. నీటిలో కరిగి ఉన్న రేణువుల లెక్కను చెప్పే కొలత ఇది. ఇకముందు అంకె మాత్రమే రాస్తాను. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీరు దొరకని మనిషి మూత్రం 1200 దాకా చిక్కబడుతుంది, అంటే రక్తానికి నాలుగింతలు. నీరు తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు పోతుందన్నది నిజమైతే, 300 ఉన్న రక్తంలోంచే నీరు 1200 ఉన్న మూత్రంలోకి రావాలి. జరుగుతున్నది అందుకు పూర్తిగా విరుద్ధం.

వైద్యవిద్యార్థిగా నేను మొదటిసారి మూత్రపిండాన్ని నిలువునా కోసి చూసినప్పుడు కనిపించినదాన్ని ఇక్కడ చెప్పడం ఉపయోగం. బయటి అంచు, అంటే వల్కలం, గరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉంది. దాని లోపల ఉన్న దవ్వ అలా లేదు. తలకిందులుగా నిలిపిన శంకువుల లాంటి భాగాలు, వాటి నిండా సన్నని చారలు, ఆ చారలన్నీ కిందికి దిగుతూ ఒక మొన దగ్గర కలుసుకోవడం కనిపించాయి. మొనను భూతద్దం కింద పెడితే జల్లెడకు ఉన్నట్టు చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయి. మూత్రం బయటికి వచ్చేది వాటిలోంచే. ఆ చారలు నాళికలేనని, అవి వల్కలం నుంచి కిందికి దిగి, హెయిర్‌పిన్‌లా మలుపు తిరిగి, మళ్ళీ పైకి ఎక్కుతాయని జర్మన్ శరీరశాస్త్రవేత్త యాకోబ్ హెన్లీ 1862లో వర్ణించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని హెన్లీ శిక్యం అదే. అది ఎందుకలా వంగి ఉందో మాత్రం దాదాపు 80 ఏళ్ళపాటు ఎవరికీ అంతుపట్టలేదు.

రహస్యం ఆ రెండు చేతుల స్వభావంలో ఉంది. కిందికి దిగే చేయి నీటిని ధారాళంగా పోనిస్తుంది. పైకి ఎక్కే చేయి నీటిని బొత్తిగా పోనివ్వదు, కానీ దాని మందపాటి భాగంలోని కణాలు సోడియాన్నీ క్లోరైడునూ లోపలి ద్రవం నుంచి తోడి చుట్టూ ఉన్న కణజాలంలోకి పారబోస్తూనే ఉంటాయి. అయితే ఆ తోడకానికి ఒక హద్దు ఉంది. ఏ మట్టంలోనైనా లోపలికీ బయటికీ మధ్య అది సృష్టించగలిగే తేడా సుమారు 200 మాత్రమే. 200 తేడాతో 1200కు చేరడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

నల్లబల్ల మీద పక్కపక్కనే రెండు నిలువు గొట్టాలు గీసి, అడుగున కలిపి, అన్నిచోట్లా 300 అని రాయించండి. ఇప్పుడు ఎక్కే చేయి ఉప్పును తోడుతుంది. దాని లోపల 200, బయట 400 అవుతాయి. దిగే చేతిలోంచి నీరు బయటికి పోయి అక్కడా 400 అవుతుంది. తరువాత పైనుంచి కొత్తగా 300 ద్రవం వచ్చి కిందికి నెట్టుతుంది. దిగే చేతిలోని 400 ద్రవం మలుపు తిరిగి ఎక్కే చేతి అడుగు భాగంలోకి వస్తుంది. పంపు మళ్ళీ పనిచేస్తుంది. దానికి తెలిసింది 200 తేడా సృష్టించడమే, కానీ ఈసారి అది మొదలుపెట్టింది 300తో కాదు, 400తో. కాబట్టి అడుగున లోపల 300, బయట 500 అవుతాయి. మళ్ళీ నెట్టు, మళ్ళీ తోడు. ప్రతి విడతకూ అడుగు భాగం మరికొంత చిక్కబడుతుంది, పై భాగం పలచబడుతుంది. పిల్లలు అంకెలు వేసుకుంటూ పోతే, చిన్న పంపు పెద్ద గాఢతను ఎలా కట్టుకుంటుందో వాళ్ళ చేతుల్లోనే తేలుతుంది. చివరికి దవ్వ పై అంచున 300, మొన దగ్గర 1200 ఉండే నిలువు వాలు ఒకటి ఏర్పడుతుంది. రెండు ప్రవాహాలు ఎదురెదురు దిశల్లో పోవడం వల్లే ఇది సాధ్యమవుతుంది కాబట్టి దీన్ని ప్రతిప్రవాహ గుణీకరణం అంటారు. లోపలి దవ్వలో, అంటే మొనకు దగ్గరగా, ఎక్కే చేయి సన్నగా ఉండి ఇంత బలంగా తోడదు. అక్కడ వాలు ఎలా నిలుస్తోందన్న చర్చ పరిశోధకుల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. యూరియాకు అందులో పెద్ద పాత్ర ఉంది. దాని సంగతి తరువాతి జవాబులో చెబుతాను.

ఈ ఊహ చేసినవాడు వైద్యుడు కాదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో భౌతిక రసాయనశాస్త్రం చెప్పే వెర్నర్ కూన్, 1942లో తన సహచరుడితో కలిసి దీన్ని ప్రతిపాదించాడు. మూత్రపిండ నిపుణులు చాలాకాలం నమ్మలేదు. ఆ రంగంలో అప్పటి పెద్దదిక్కు అయిన హోమర్ స్మిత్ కూడా ఒప్పుకోవడానికి వెనకాడాడు. 1951లో కూన్, విర్ట్జ్, హార్గిటాయ్ ముగ్గురూ చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. దాహంతో ఉన్న ఎలుకల మూత్రపిండాలను గడ్డకట్టించి, పలచని ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి నెమ్మదిగా వేడెక్కిస్తూ, ఏ భాగంలోని మంచు స్ఫటికాలు ఏ ఉష్ణోగ్రత దగ్గర కరుగుతున్నాయో చూశారు. ఉప్పగా ఉన్న మంచు ముందుగా కరుగుతుంది. వల్కలంలోని మంచు రక్తం మంచులాగే కరిగింది. దవ్వలోకి దిగేకొద్దీ ఇంకా చల్లగా ఉండగానే కరుగుతూ వచ్చింది, అన్నిటికన్నా ముందు మొన దగ్గరి మంచు కరిగింది. కాగితం మీద కూన్ గీసిన వాలు వాళ్ళ కళ్ళముందే కనిపించింది.

ఇక తలుపు సంగతి. హెన్లీ శిక్యం దాటి వచ్చే ద్రవం నిజానికి పలచగా, 100 దగ్గర ఉంటుంది. అది చివరికి సంగ్రహణ నాళంలోకి చేరి, ఆ ఉప్పటి దవ్వ గుండా మొన దాకా దిగాలి. నాళం గోడ నీటిని పోనిస్తే, నీరు చుట్టూ ఉన్న ఉప్పు వైపుకు తనే పోతుంది, మూత్రం 1200 దాకా చిక్కబడుతుంది. పోనివ్వకపోతే పలచని ద్రవమే, ఒక్కోసారి 50 దాకా, బయటికి వస్తుంది. గోడ ఎలా ఉండాలో నిర్ణయించేది వాసోప్రెసిన్ అనే హార్మోన్. దీన్నే ఏడీహెచ్ అని కూడా అంటారు. మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారై, పీయూష గ్రంథి వెనక భాగంలో నిలవ ఉంటుంది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, అది విడుదలవుతుంది. సంగ్రహణ నాళం కణాల్లో ఆక్వాపోరిన్-2 అనే ప్రొటీన్ మార్గాలు చిన్న చిన్న సంచుల్లో సిద్ధంగా ఉంటాయి. హార్మోన్ తగలగానే ఆ సంచులు కణం అంచుకు వచ్చి పొరలో కలిసిపోతాయి, నీటికి దారి తెరుచుకుంటుంది. హార్మోన్ తగ్గగానే కణం వాటిని మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఒక్కో ఆక్వాపోరిన్ మార్గం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి సాగిపోగలవు. ఈ కుటుంబంలో మొదటిదాన్ని గుర్తించినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మార్గం కూడా పంపు కాదు, తలుపు మాత్రమే. ఈ మాట మీ విద్యార్థినికి తప్పక చెప్పండి.

ప్రశ్న: దవ్వలో అంత ఉప్పు పోగుపడిన చోట రక్తం కూడా ప్రవహించాలి కదా. ప్రవహించే రక్తం ఆ ఉప్పును కడిగేయదా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మామూలు రక్తనాళాలు ఉంటే నిమిషాల్లో కడిగేసేది. అక్కడి రక్తనాళాలు కూడా శిక్యం లాగే కిందికి దిగి, మలుపు తిరిగి పైకి వస్తాయి. వాసా రెక్టా అనే ఈ నాళాల్లో కిందికి దిగే రక్తం చుట్టూ ఉన్న ఉప్పును తీసుకుంటూ, నీటిని వదులుకుంటూ దిగుతుంది. పైకి ఎక్కేటప్పుడు అదే క్రమంలో ఉప్పును వదిలేస్తూ, నీటిని తీసుకుంటూ వస్తుంది. మంచుమీద నిలబడే బాతు కాళ్ళలో వెచ్చని రక్తం దిగుతూ, పక్కనే పైకి వచ్చే చల్లని రక్తానికి వేడిని అప్పగించడం మీరు చదివే ఉంటారు. సూత్రం అదే, అక్కడ వేడి, ఇక్కడ ఉప్పు. ఇది వాలును కట్టదు, కట్టిన వాలును చెరిగిపోకుండా కాపాడుతుంది. పైగా ఎక్కే రక్తం దిగిన రక్తం కన్నా కాస్త ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే సంగ్రహణ నాళం నుంచి వచ్చిన నీటిని మోసుకుపోయేది అదే.

ఈ ఏర్పాటుకు శరీరం ఒక మూల్యం చెల్లిస్తోంది. రక్తం నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే ప్రవహించాలి కాబట్టి దవ్వకు ఆక్సిజన్ ఎప్పుడూ కొరతే. మూత్రపిండాలకు వచ్చే రక్తంలో అత్యధిక భాగం వల్కలానికే పోతుంది. ఆక్సిజన్ తక్కువ, ఉప్పు ఎక్కువ ఉన్న ఆ చోట ఎర్ర రక్తకణాలు నీటిని కోల్పోతాయి. అందువల్లనే సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉండి, బయటికి ఏ జబ్బూ కనబడని వాళ్ళలో కూడా మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గి ఉండడం తరచుగా చూస్తాం. కణాలు కొడవలి ఆకారానికి మారడానికి శరీరంలో అంత అనువైన చోటు మరొకటి లేదు.

పోగుపడినదంతా ఉప్పే కాదు. దవ్వ మొన దగ్గర కరిగి ఉన్న పదార్థంలో సుమారు సగం యూరియా. వ్యర్థమని మనం పేరుపెట్టిన యూరియాను సంగ్రహణ నాళం చివరి భాగం బయటికి వదులుతుంది, అది దవ్వలోనే తిరుగుతూ నీటిని బయటికి రప్పించడంలో సాయపడుతుంది. మాంసకృత్తులు చాలా తక్కువగా తినేవాళ్ళలో యూరియా తక్కువగా తయారవుతుంది కాబట్టి వాళ్ళ మూత్రం అంతగా చిక్కబడదు.

ప్రశ్న: కాళ్ళ వాపుకు డాక్టర్ ఇచ్చిన మాత్ర వేసుకుంటే అరగంటలో బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తోంది. నీటిని బయటికి పంపే మాత్ర అన్నారు. నీటికి పంపు లేనప్పుడు మాత్ర దేన్ని ఆపుతుంది? – ఒక పాఠకుడు

జవాబు: మీరు పేరు రాయలేదు కానీ, మీరు చెప్పిన వేగాన్ని బట్టి అది ఫ్యూరోసెమైడ్ లాంటి మందు అయివుండవచ్చు. అది ఆపేది ఉప్పునే. హెన్లీ శిక్యం ఎక్కే చేతిలో సోడియం, పొటాషియం, క్లోరైడులను కలిపి లోపలికి తీసుకునే ప్రొటీన్‌కు అది అడ్డుపడుతుంది. దాంతో ఉప్పు నాళికలోనే ఉండిపోతుంది, దవ్వలోని వాలు కరిగిపోతుంది, సంగ్రహణ నాళం తలుపులు తెరిచి ఉన్నా నీటిని ఆకర్షించే ఉప్పు బయట ఉండదు. ఉప్పూ నీరూ కలిసి మూత్రంలో పోతాయి. పొటాషియం కూడా పోతుంది కాబట్టే మీ డాక్టర్ అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించమంటారు. దయచేసి ఆ పరీక్షను వాయిదా వేయకండి.

ప్రశ్న: పడవ మునిగి సముద్రంలో చిక్కుకున్నవాళ్ళు చుట్టూ అంత నీరున్నా తాగకూడదంటారు. మూత్రపిండాలు ఉప్పును బయటికి పంపగలవు కదా, కొంచెం కొంచెంగా తాగితే ఏమవుతుంది? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: లెక్క వేసి చూద్దాం. సముద్రపు నీటి గాఢత దాదాపు 1000 నుంచి 1200 మధ్య ఉంటుంది. లీటరులో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మన మూత్రం గరిష్ఠంగా 1200 దాకా చిక్కబడుతుంది కాబట్టి సరిపోతుందని అనిపించవచ్చు. కానీ ఆ 1200లో ఉప్పు ఒక్కటే ఉండదు. యూరియా, ఇతర వ్యర్థాలు కూడా అందులోనే పోవాలి. చిక్కటి మూత్రంలో సుమారు సగం చోటు వాటిదే. ఉప్పుకు మిగిలేది దాదాపు 600. అంటే ఒక లీటరు సముద్రపు నీటితో వచ్చిన ఉప్పును బయటికి పంపడానికి ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల మూత్రం కావాలి. తాగింది ఒక లీటరు, పోయేది అంతకు మించి. ఆ లోటును శరీరం తన కణాల్లోని నీటితో పూడుస్తుంది. కొంచెం కొంచెంగా తాగినా లెక్క మారదు, ప్రతి గుక్కకూ నష్టమే మిగులుతుంది. పైగా అధిక లవణాలు పేగుల్లో నీటిని నిలిపి విరేచనాలు కలిగిస్తాయి, ఆ నష్టం వేరు.

ఇదే లెక్క మరో సంగతి చెబుతుంది. సాధారణంగా భోజనం చేసే మనిషి రోజుకు సుమారు 600 మిల్లీఆస్మోల్స్ వ్యర్థాలను మూత్రంలో పంపాలి. 1200 గాఢతతో పంపినా దానికి అర లీటరు నీరు తప్పనిసరి. నీరు ఒక్క చుక్క తాగకపోయినా ఆరోగ్యమైన మూత్రపిండాలు ఆ అర లీటరును ఖర్చుచేస్తూనే ఉంటాయి. శ్వాసతో, చర్మం మీదుగా పోయే నీరు దీనికి అదనం. మూత్రపిండాలు నీటిని పొదుపు చేయగలవు, సృష్టించలేవు. మిగతాది దాహం చేయవలసిన పని.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తున్నారు. లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు తాగడమే మానేశారు. ఇది మంచిదేనా? పగలు మాత్రం మూత్రం తెల్లగా వచ్చేదాకా తాగాలంటారు. – ఒక గృహిణి

జవాబు: ముందుగా, నీళ్ళు పూర్తిగా మానేయవద్దని ఆయనకు చెప్పండి. రాత్రి పూట వాసోప్రెసిన్ పెరగడం వల్ల మూత్రం తక్కువగా, చిక్కగా తయారవుతుంది. యౌవనంలో ఏడెనిమిది గంటలు లేవకుండా నిద్రపోగలగడానికి ఇదొక కారణం. వయసు పెరిగేకొద్దీ పనిచేసే నెఫ్రాన్ల, అంటే వడపోతా దాని నాళికా కలిసిన జతల, సంఖ్య తగ్గుతుంది, దవ్వలోని వాలు మునుపంత నిటారుగా ఉండదు, రాత్రి పగలు తేడా కూడా చెరిగిపోతుంది. చిక్కబరచలేని మూత్రపిండం అవే వ్యర్థాలను పంపడానికి ఎక్కువ నీరు వాడుతుంది. అదే సమయంలో, వృద్ధుల్లో దాహం కూడా మందగిస్తుంది. పొదుపు శక్తి తగ్గి, దాహమూ తగ్గిన మనిషి తనంతట తాను నీరు మానేస్తే, వేసవిలోనో జ్వరం వచ్చినప్పుడో రెండు రోజుల్లో మంచాన పడవచ్చు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే సంగతి ఇదే. అవసరమైన నీటిని పగటి పూటకు మార్చుకుని, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించుకోవడం వేరు, మానేయడం వేరు.

అయితే రాత్రి లేవడానికి వయసు ఒక్కటే కారణమని అనుకోవద్దు. ప్రోస్టేట్ పెరగడం, చక్కెర వ్యాధి, గుండె బలహీనత, పగలు కాళ్ళలో చేరిన వాపు పడుకోగానే రక్తంలోకి తిరిగి రావడం, నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, సాయంత్రం వేసుకునే వాపు మాత్రలు – ఇవన్నీ చేసే పని అదే. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి తొలి లక్షణాల్లో రాత్రి మూత్రం కూడా ఒకటి, ఎందుకంటే చిక్కబరిచే శక్తి ముందుగా దెబ్బతింటుంది. మూడు రోజులపాటు ఆయన ఎప్పుడు ఎంత తాగారో, ఎప్పుడు ఎన్ని మిల్లీలీటర్ల మూత్రం పోశారో కొలపాత్రతో కొలిచి ఒక కాగితం మీద రాయండి. ప్రతిసారీ కొద్దికొద్దిగా వస్తోందా, రాత్రే ఎక్కువ పరిమాణం వస్తోందా అన్నది దాన్ని బట్టి తెలిసిపోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళండి. దానికి మించిన సాయం మీరు చేయలేరు.

మూత్రం నీళ్ళలా తెల్లగా వచ్చేదాకా తాగాలన్న సలహాతో నేను ఏకీభవించను. లేత పసుపు రంగు ఆరోగ్యమే. రోజంతా తెల్లగా వస్తోందంటే మూత్రపిండాలు అదనపు నీటిని పారబోస్తున్నాయని మాత్రమే అర్థం. మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడే స్వభావం ఉన్నవాళ్ళు రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు తాగడం మంచిది; అది వాళ్ళకు చికిత్స. గుండె జబ్బు, ముదిరిన మూత్రపిండ వ్యాధి ఉన్నవాళ్ళకు నీటికి హద్దు ఉంటుంది, దాన్ని వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఆరోగ్యవంతులకు దాహం నమ్మదగిన కొలమానం. మూత్రపిండాలు గంటకు పంపగలిగే నీరు లీటరుకు అటూ ఇటుగా మాత్రమే ఉంటుంది. అంతకన్నా వేగంగా గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పలచబడి, మెదడు వాచి, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. సుదీర్ఘ పరుగు పందాల్లో అవసరానికి మించి తాగినవాళ్ళు అలా మరణించిన సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: నా స్నేహితురాలు రోజుకు ఎనిమిది లీటర్ల దాకా మూత్రం పోస్తోంది, అంతే నీరు తాగుతోంది. చక్కెర పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. మానసిక సమస్యకు చాలా ఏళ్ళుగా లిథియం వాడుతోంది. చుట్టుపక్కలవాళ్ళు నీళ్ళు తగ్గిస్తే మూత్రం తగ్గుతుందంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి ఆమె నీళ్ళను ఎవరూ ఆపకుండా చూడండి. ఆమెకు దాహం జబ్బు కాదు, జబ్బు నుంచి ఆమెను కాపాడుతున్నది అదే. లిథియం సంగ్రహణ నాళం కణాల్లోకి చొరబడి, అవి తగినన్ని ఆక్వాపోరిన్-2 మార్గాలను తయారుచేయకుండా చేస్తుంది. మెదడు వాసోప్రెసిన్‌ను పంపుతూనే ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. నీరు ఆపితే మూత్రం ఆగదు. కొన్ని గంటల్లో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది, లిథియం కూడా రక్తంలో పేరుకుపోతుంది. అలాగని లిథియాన్ని సొంతంగా మానేయడం కూడా ప్రమాదమే. మందు ఇచ్చిన మానసిక వైద్యుడినీ, మూత్రపిండ నిపుణుడినీ కలవండి. లిథియం స్థాయి, సోడియం, కాల్షియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేస్తారు. నీళ్ళు ఆపి చూసే పరీక్ష ఒకటి ఉంది కానీ, దాన్ని ఆసుపత్రిలో, గంట గంటకూ బరువూ రక్తమూ చూస్తూ మాత్రమే చేయాలి.

దీన్ని ఇంతకాలం డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటూ వచ్చారు. పూర్వం వైద్యులు మూత్రాన్ని రుచి చూసి, తియ్యగా ఉంటే మెలిటస్, చప్పగా ఉంటే ఇన్సిపిడస్ అనేవారు. చక్కెర వ్యాధిలో మూత్రం ఎక్కువ కావడానికి కారణం వేరు: రక్తంలో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటాక మిగిలినది నాళికలోనే ఉండిపోయి నీటిని తన దగ్గరే నిలుపుకుంటుంది. రెండు జబ్బులకూ ఒకే పేరు ఉండడం వల్ల ఆసుపత్రుల్లో పొరపాట్లు జరుగుతున్నాయని, 2022లో నిపుణుల సంఘాలు కొత్త పేర్లు సూచించాయి. మెదడు హార్మోన్‌ను తగినంత తయారుచేయకపోతే అది ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం. మీ స్నేహితురాలికి ఉన్నట్టు అనిపిస్తున్నది, అంటే హార్మోన్ ఉన్నా మూత్రపిండం స్పందించకపోవడం, ఆర్జినిన్ వాసోప్రెసిన్ నిరోధం. మొదటిదానికి వాసోప్రెసిన్ లాంటి మందైన డెస్మోప్రెసిన్ చక్కగా పనిచేస్తుంది. రెండోదానికి అది అంతగా పనిచేయదు.

ప్రశ్న: విటమిన్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం మెరిసే పసుపు రంగులో వస్తోంది. నీళ్ళు తక్కువయ్యాయా? – ఒక పాఠకుడు

జవాబు: కాదు. అది రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, మిగులు బయటికి పోతోంది. నీరు తక్కువైనప్పుడు రంగు ముదిరి, ముదురు తేనె రంగుకు వస్తుంది, పరిమాణం కూడా తగ్గుతుంది. మెరుపు ఉండదు.

ప్రశ్న: ఎడారిలో కంగారూ ఎలుక జీవితాంతం నీళ్ళు తాగకుండానే బతుకుతుందని చదివాను. సాధన చేస్తే మనమూ తక్కువ నీటితో బతకగలమా? – ఏడో తరగతి విద్యార్థి

జవాబు: నువ్వు చదివింది నిజమే బాబూ. ఆ ఎలుక తినే పొడి గింజలు దాని ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు కొంత నీరు తయారవుతుంది. దాన్నే అది అపురూపంగా దాచుకుంటుంది. పగలంతా బొరియలో ఉండి, రాత్రి మాత్రమే బయటికి వస్తుంది. దాని మూత్రపిండం మొన చాలా పొడుగ్గా, కిందికి సాగి ఉంటుంది. హెన్లీ శిక్యాలు ఎంత లోతుకు దిగితే వాలు అంత పెద్దదవుతుంది. ఆ ఎలుక మూత్రం 5000 దాటి చిక్కబడగలదు. ఆస్ట్రేలియాలోని ఒక గెంతే ఎలుక మూత్రం 9000 కూడా దాటుతుంది. ఎప్పుడూ నీటిలోనే ఉండే బీవర్‌కు అన్నీ పొట్టి శిక్యాలే, దానికి మనపాటి చిక్కదనం కూడా రాదు. మనకున్న శిక్యాల్లో ఎక్కువ భాగం పొట్టివే. లోతుగా దిగేవి వందకు పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. ఆ పొడవు పుట్టుకతో వచ్చేదే కాబట్టి సాధనతో పెరగదు. పుట్టిన కొత్తలో పసిపిల్లల మూత్రపిండాలు ఇంకా పూర్తిగా ఎదగవు కాబట్టి వాళ్ళు 500 దాకా చిక్కబరచడమే కష్టం. వాంతులూ విరేచనాలూ అయితే పెద్దవాళ్ళకన్నా వాళ్ళు త్వరగా నీరసించేది అందుకే. ఏడాది వయసు వచ్చేసరికి దాదాపు పెద్దవాళ్ళ స్థాయికి చేరుతారు. నీకు ఆ 1200 ఎప్పుడో వచ్చేసింది. ఆటల మధ్య దాహం వేస్తే ఓర్చుకోకుండా వెళ్ళి నీళ్ళు తాగు.